లైమా చిక్కుడు: పెరటి సాగు

లైమా చిక్కుడు అమెరికా ఖండాల్లో పుట్టి, ఉష్ణమండల దేశాలన్నిటికీ పాకిన పప్పుజాతి మొక్క. శాస్త్రనామం ఫేసియోలస్ లునాటస్. 1753లో లినేయస్ ఆ పేరు పెట్టాడు. బ్రిటన్‌లోనూ అమెరికా దక్షిణ రాష్ట్రాల్లోనూ దీన్ని బటర్ బీన్స్ అంటారు. హైదరాబాదు, బెంగళూరు కూరగాయల బజార్లలో డబుల్ బీన్స్ పేరుతో ఒలిచి అమ్మే వెడల్పాటి గింజలు ఇవే. కాయను తొక్కతో తినరు. పచ్చిగా ఉన్నప్పుడు ఒలిచిన గింజ, ఎండాక దాచుకున్న గింజ, ఈ రెండే దీని ఫలసాయం.

పెరట్లో దీన్ని పెంచడం కష్టమని అమెరికా తోటమాలుల్లో చాలామంది చెబుతారు. నిజానికి ఇది మొండి మొక్కే. ఎరువు తక్కువైనా, కలుపు కాస్త పెరిగినా ఓర్చుకుంటుంది. ఓర్చుకోనిది అదును తప్పడాన్ని. విత్తేనాటికి నేల బాగా వెచ్చబడి ఉండాలి, పూతకొచ్చేనాటికి ఎండ మరీ మండకూడదు. ఈ రెండు గడువుల మధ్య రోజులు లెక్కపెట్టుకోవడమే దీని సాగులో అసలు పని.

మొక్క తీరు

పేరులో చిక్కుడు ఉన్నా, మన పందిరి చిక్కుడుకూ దీనికీ దగ్గరి చుట్టరికం లేదు. మనది లాబ్‌లాబ్ ప్రజాతి. లైమా ఫ్రెంచి బీన్స్, రాజ్మా ఉన్న ప్రజాతికి చెందింది. గింజలు పక్కపక్కన పెడితే తేడా ఇట్టే తెలుస్తుంది. మన చిక్కుడు గింజ అంచున తెల్లటి ఉబ్బెత్తు చార పొడుగ్గా ఉంటుంది. లైమా గింజకు చిన్న కన్ను, అక్కణ్ణుంచి అంచుల దాకా విసనకర్ర పుల్లల్లా విచ్చుకున్న సన్నని గీతలు ఉంటాయి. పువ్వులో అడుగు రేకుల జత మన చిక్కుడులో లంబకోణంగా వంగితే, లైమాలో మెలితిరిగి చుట్టుకుంటుంది.

మూడేసి ఆకుల రెమ్మ, తెల్లటి లేదా లేత ఊదా రంగు చిన్న పూలు, కొడవలి ఒంపు తిరిగిన చదునైన కాయ, కాయలో రెండు నుంచి నాలుగు గింజలు. చిన్న గింజ రకాల కాయ 5 నుంచి 8 సెంటీమీటర్లు, పెద్దవాటిది 10 సెంటీమీటర్లకు పైనే. తీగ రకాలు రెండున్నర, మూడు మీటర్లు సునాయాసంగా ఎక్కుతాయి. బఠాణీకి ఉన్నట్టు వీటికి నులితీగలు ఉండవు. కాండమే కర్రను చుట్టుకుంటూ పోతుంది. పొద రకాలు మోకాలెత్తు దాటవు. మంచు పడని చోట తీగ లైమాకు వేరు లావెక్కి, కోసేసినా మళ్ళీ చిగురించి రెండు మూడేళ్ళు బతకగలదు. చలిదేశాల్లో మాత్రం తొలి మంచుతోనే దాని ఆయుష్షు తీరిపోతుంది.

పుట్టిల్లు, వలసలు

ఈ మొక్కను మనిషి మచ్చిక చేసింది ఒకచోట కాదు. ఈక్వెడార్, ఉత్తర పెరూ ప్రాంతపు ఆండీస్ పడమటి లోయల్లో పెద్ద గింజ లైమా తయారైంది. మెక్సికోలో చిన్న గింజ లైమా విడిగా తయారైంది. జన్యు పరిశోధనలు ఈ రెండు కుదుళ్ళను స్పష్టంగా చూపిస్తాయి. పెరటి సాగుకు ఇది పుస్తకాల సంగతి మాత్రమే కాదు. చిన్న గింజ రకాలు వేడిని తట్టుకోవడం, త్వరగా కాపుకు రావడం, పెద్ద గింజలవి నెమ్మదిగా, ఎండకు అలిగే తీరుతో పెరగడం చాలావరకు ఈ పుట్టుకల తేడావల్లనే.

పెరూ ఉత్తర తీరంలో సుమారు సా.శ. 100 నుంచి 800 వరకు వెలిగిన మోచే నాగరికతకు ఈ గింజ మీద మక్కువ ఎక్కువ. వారి కుండల మీద పరుగెత్తే మనుషులు, చేతుల్లో చిన్న సంచులు, చుట్టూ మచ్చల లైమా గింజలు కనిపిస్తాయి. కొన్నిచోట్ల గింజకే కాళ్ళూ చేతులూ మొలిచి యోధుడవుతుంది. ఆ మచ్చలు ఒక లిపి అనీ, సంచుల్లో ఉన్నవి సందేశాలనీ పెరూ పురావస్తు పరిశోధకుడు రఫాయెల్ లార్కో ఓయ్లే వాదించాడు. పండితులు ఎక్కువమంది ఒప్పుకోలేదు. ఒప్పుకోకపోయినా, ఒక కూరగాయకు లిపి హోదా ఇవ్వజూపిన సందర్భం ఇంకెక్కడా ఉన్నట్టు లేదు.

స్పానిష్ పాలనలో లీమా రేవునుంచి వెళ్ళిన గింజలకు ఆ ఊరి పేరే స్థిరపడింది. మెక్సికో చిన్న గింజ స్పానిష్ ఓడల్లో ఫిలిప్పీన్స్ చేరి, అక్కణ్ణుంచి జావా, బర్మాలకు పాకింది. బానిసల వ్యాపార మార్గాల్లో ఆఫ్రికాకు వెళ్ళింది. నేడు మడగాస్కర్ నైరుతి తీరంలో పెద్ద గింజ లైమాను ఎగుమతికి పండిస్తారు. స్పెయిన్‌లో వాలెన్సియా పాయెల్యాలో పడే గర్రొఫో గింజ లైమాయే. జపాన్‌లో మిఠాయిల్లో పెట్టే తెల్లటి తీపి పూర్ణానికి బర్మా బటర్ బీన్స్ వాడతారు. మెక్సికోలోని యుకటాన్‌లో మాయా రైతులు దీన్ని ఇబ్ అంటారు, మొక్కజొన్న, గుమ్మడి మధ్య అంతరపంటగా వేస్తారు. పెరూలో ఇకా లోయ పయార్ గింజకు మన బంగినపల్లి మామిడికి ఉన్నట్టే భౌగోళిక గుర్తింపు ఉంది.

అమెరికా సంయుక్త రాష్ట్రాల్లో రెండు ప్రాంతాలు దీనికి పేరుపడ్డాయి. ఎండు గింజకు కాలిఫోర్నియా తీరం, పచ్చి గింజను గడ్డకట్టించి అమ్మడానికి డెలావేర్ రాష్ట్రం. కాలిఫోర్నియా తీరంలో సముద్రపు పొగమంచు పూత రాలకుండా కాపాడేది. ఆ పొలాలు ఇప్పుడు చాలావరకు ఊళ్ళయిపోయాయి. కోస్టా మేసాలో 1967లో తెరిచిన సౌత్ కోస్ట్ ప్లాజా అనే భారీ అంగడి లైమా చేను మీదే లేచింది.

రకాలు

1880ల దాకా లైమా అంటే తీగే. కర్రలు పాతాలి, ఎత్తు ఎక్కనివ్వాలి, కాపు కోసం మూడు నెలలు ఆగాలి. 1889లో న్యూయార్క్ విత్తన వ్యాపారి పీటర్ హెండర్సన్ సంస్థ హెండర్సన్ బుష్ లైమాను విడుదల చేయడంతో పెరటి సాగు స్వరూపం మారిపోయింది. గింజ చిన్నది, పొద పొట్టిది, 65 నుంచి 70 రోజుల్లో కాయ చేతికొస్తుంది. మరుసటి ఏడే బర్పీ సంస్థ పెద్ద గింజ పొద రకాన్ని తెచ్చింది. పెన్సిల్వేనియాలో ఆ సంస్థ ప్రయోగక్షేత్రం పేరుమీద వచ్చిన ఫోర్డ్‌హుక్ రకాల్లో ఫోర్డ్‌హుక్ 242కు 1945లో ఆల్ అమెరికా సెలక్షన్స్ పురస్కారం దక్కింది. పెద్ద గింజ కావాలి, పందిరి వద్దు అనుకునేవారు ఇప్పటికీ దాన్నే ఎంచుకుంటారు.

తీగ రకాల్లో కింగ్ ఆఫ్ ద గార్డెన్ పెద్ద గింజది. కాపుకు దాదాపు 90 రోజులు తీసుకుంటుంది. కరొలైనా సీవా చిన్న గింజది, తొందరగా కాస్తుంది, వేడికి తట్టుకుంటుంది. క్రిస్మస్ లైమా చూడముచ్చటైనది: మీగడ రంగు గింజ మీద ముదురు ఎరుపు చిందులు. ఉడికితే రంగు మసకబారి, రుచి చెస్ట్‌నట్ పిండికి దగ్గరగా వస్తుంది. మచ్చల గింజ పొద రకాల్లో జాక్సన్ వండర్ 1888 నాటిది. కరువుకు తట్టుకుంటుందని అమెరికా దక్షిణాది ఇళ్ళలో దానికి మంచి పేరు.

కొత్తగా మొదలుపెట్టేవారికి చిన్న గింజ పొద రకమే మేలు. స్థలం తక్కువ, ఓపిక ఎక్కువ ఉన్నవారికి తీగ లాభసాటి. పొద రెండు మూడు వారాల్లో కాపు ముగిస్తే తీగ నెలల తరబడి కాస్తూనే ఉంటుంది.

విత్తడం

లైమా సాగులో సగం వైఫల్యాలు మొలకెత్తకముందే జరిగిపోతాయి. గింజ పెద్దది, లోపల పిండి ఎక్కువ. చల్లటి తడి నేలలో పడితే మొదటి గంటల్లోనే నీటిని గబగబా పీల్చుకుంటుంది. చలికి బిగుసుకుపోయి ఉన్న కణపొరలు ఆ తాకిడికి చిట్లి, లోపలి చక్కెరలు బయటికి కారతాయి. నేలలోని బూజులు వాటికోసం కాచుకునే ఉంటాయి. పది రోజుల తర్వాత తవ్వి చూస్తే మెత్తటి ముద్ద తప్ప ఏమీ మిగలదు. విత్తనాల కొట్టువాణ్ణి తిట్టుకుంటారు గానీ, తప్పు విత్తనానిది కాదు.

అందుకే నేల ఉష్ణోగ్రత కనీసం 18 డిగ్రీల సెల్సియస్‌కు చేరి, ఐదారు రోజులు అక్కడ నిలబడ్డాక విత్తమంటారు. 24 నుంచి 29 డిగ్రీలైతే ఇంకా మంచిది. వారం పది రోజుల్లో మొలకలు బారు తీరతాయి. ఫ్రెంచి బీన్స్ 15 డిగ్రీలకే మొలకెత్తుతాయి కాబట్టి రెంటినీ ఒకే రోజు విత్తే అలవాటు లైమాకు గిట్టదు. చలి ప్రాంతాల్లో ఆఖరి మంచు పడ్డ రెండు మూడు వారాలకు గానీ దీని అదును రాదు. ఉష్ణమాపకాన్ని ఉదయంపూట ఐదు సెంటీమీటర్ల లోతున గుచ్చి చూడాలి. మధ్యాహ్నం చూస్తే నేల మనల్ని మోసం చేస్తుంది.

గింజలను రాత్రంతా నానబెట్టడం మన ఇళ్ళలో ఏ పప్పుకైనా అలవాటే. లైమాకు ఆ పని చేయకపోవడమే మంచిది; నీరు వేగంగా ఎక్కితే బీజదళాలు పగుళ్ళిస్తాయి. పదునుగా ఉన్న నేలలో మూడు సెంటీమీటర్ల లోతున, కన్ను కిందికి ఉండేలా గుచ్చితే చాలు. మొలక లేచే తీరు వల్ల ఈ కన్ను సంగతికి కాస్త విలువ ఉంది. కందిలో, శనగలో బీజదళాలు నేలలోనే ఉండిపోతాయి. లైమాలో మొలక మెడ వంచి, ఆ రెండు బరువైన పప్పుబద్దలనూ నేల పైకి లాక్కొస్తుంది. పైన మట్టి పెచ్చు కట్టి ఉంటే బద్దలు విరిగిపోతాయి, కొన్నిసార్లు మొగ్గ కూడా తెగి, మొండి మొలక మిగులుతుంది. నల్లరేగడిలో ఇది మరీ ఎక్కువ. విత్తిన చాలు మీద చివికిన ఎరువు గానీ ఇసుక గానీ పలచగా కప్పి, వాన పడి ఆరిన మర్నాడు వేళ్ళతో పైపెచ్చు సుతారంగా చిదిపితే మొలక గండం గడుస్తుంది.

పొద రకాలకు మొక్కకూ మొక్కకూ 10 నుంచి 15 సెంటీమీటర్లు, వరసకూ వరసకూ 60 నుంచి 75 సెంటీమీటర్ల ఎడం ఇస్తారు. తీగ రకాలకు 20 సెంటీమీటర్లు, లేదా ఒక్కో కర్ర చుట్టూ నాలుగైదు గింజలు వేసి మూడు ఉంచుతారు. నారు పోసి నాటడం దీనికి అంతగా నప్పదు; వేరు కదిలితే బెంగపెట్టుకుంటుంది. తప్పనిసరైతే కాగితపు కుండీల్లో మొలిపించి, కుండీతో సహా పాతాలి.

నేల, పందిరి, నీరు

నీరు నిలవని, ఉదజని సూచిక 6కూ 6.8కూ మధ్య ఉన్న గరప నేల బాగుంటుంది. చివికిన పశువుల ఎరువు ముందుగా కలిపితే చాలు. యూరియా లాంటి నత్రజని ఎరువు వేస్తే ఆకులు ముదురాకుపచ్చగా విజృంభిస్తాయి, కాయలు కనబడవు. లైమా తన నత్రజనిని వేరుబుడిపెల్లోని సూక్ష్మజీవుల ద్వారా తానే సమకూర్చుకుంటుంది. ఇక్కడ ఒక మెలిక ఉంది. ఫ్రెంచి బీన్స్‌కు అమ్మే జీవన ఎరువులోని రైజోబియం దీనికి సరిపోదు. దీని వేళ్ళకు నప్పేది అలసంద వర్గానికి పనికొచ్చే బ్రాడీరైజోబియం. అలసందలు, పెసలు, మినుములు తరచుగా పండిన నేలలో అది సహజంగానే ఉంటుంది. కుండీల్లో కొత్త మట్టితో పెంచేవారు మాత్రం జీవన ఎరువు ప్యాకెట్ మీద ఏ పంటకని రాశారో చూసుకోవాలి.

పందిరి విత్తకముందే నిలబెట్టాలి. మొలిచాక కర్రలు పాతితే వేళ్ళు తెగుతాయి. రెండున్నర మీటర్ల వెదుళ్ళు మూడు నాలుగు కలిపి పైన కట్టిన గుడిసె తీరు పందిరి గాలికి నిలబడుతుంది, కాయ కోయడానికి చుట్టూ తిరగొచ్చు. పైన చదును పందిరి వేస్తే కాయలు కిందికి వేలాడి అందంగా ఉంటాయి గానీ, నీడ ఎక్కువై లోపలి పూత నిలవదు. తీగ మొదటి కణుపుల్లో దారి తప్పితే చేత్తో కర్రకు చుట్టొచ్చు; పైనుంచి చూస్తే గడియారపు ముల్లుకు ఎదురు దిశలో చుట్టాలి. రెండో వైపు తిప్పి కడితే తెల్లారేసరికి విప్పుకుంటుంది.

వారానికి రెండున్నర సెంటీమీటర్ల వానకు సరిపడా నీరు కావాలి. వేళ్ళు పైపైనే పరుచుకుంటాయి కనుక గొప్పు లోతుగా తవ్వకూడదు. ఎండుగడ్డి పరిస్తే కలుపూ అణుగుతుంది, తేమా నిలుస్తుంది. ఆకుల మీద నీళ్ళు చల్లడం, తడి ఆకుల మధ్య చేతులు పెట్టి పనిచేయడం తెగుళ్ళను చెట్టునుంచి చెట్టుకు మోయడమే.

పూత నిలవడం

పందిరి నిండా పూలున్నాయి, కాయ లేదు అన్నది లైమా పెంచేవారి పాత ఫిర్యాదు. పగటి ఉష్ణోగ్రత 32 డిగ్రీలు దాటి, గాలి పొడిగా ఉంటే పుప్పొడి సత్తువ తగ్గుతుంది. పువ్వు విచ్చుకున్న ఒకటి రెండు రోజులకే కాడతో సహా రాలిపోతుంది. రాత్రి వేడి పగటి వేడికన్నా ఎక్కువ హాని చేస్తుంది. రాత్రి చల్లబడని వారంలో పెద్ద గింజ రకాలు దాదాపు మొత్తం పూతను వదిలేస్తాయి. నిలిచిన పిందెల్లో కూడా ఒకటి రెండు గింజలు పాలు పోసుకోక తాలుగా మిగులుతాయి.

డెలావేర్ రైతులకు దీనివల్ల ఒక విచిత్రమైన చిక్కు వస్తుంది. వేడివారానికి ముందు నిలిచిన కాయ ముదిరిపోతుంది, వేడి తగ్గాక నిలిచింది లేతగా ఉంటుంది. యంత్రంతో ఒక్కసారే కోయాల్సిన చేలో రెండు వయసుల పంట తయారవుతుంది. పెరట్లో ఆ ఇబ్బంది లేదు. కోత చేత్తోనే కనుక ముదిరింది కోసుకుని లేతది ఆపొచ్చు. పైగా తీగ రకం పూతను మళ్ళీ మళ్ళీ తెచ్చుకుంటుంది; మొదటి విడత రాలినా మొక్కను పీకేయకుండా నీరు పెడుతూ ఉంటే వాతావరణం చల్లబడగానే పిందె కడుతుంది. పూతవేళ నేల ఒక్కసారి బెట్టకొచ్చి, మరుసటిరోజు ముంపుగా తడిస్తే ఆ ఊగిసలాటకే పూత రాలుతుంది. తేమ ఒకే తీరుగా ఉంచడం మనిషి చేతిలో ఉన్న పని. ఎండను తగ్గించడం చేతిలో లేదు కనుక, విత్తే తేదీని ఎండకు దూరంగా జరపాలి.

పురుగులు, తెగుళ్ళు

అమెరికా పెరళ్ళలో దీని ముఖ్యశత్రువు మెక్సికన్ బీన్ బీటిల్. మనం అక్షింతల పురుగు అనే కుటుంబంలోదే ఇదీ. ఆ కుటుంబంలో ఎక్కువ భాగం పేనుబంకను తిని రైతుకు మేలుచేసేవి. ఇదీ, మన వంకాయ ఆకులను గీకే దాని దాయాదులూ మాత్రం ఆకులనే తింటాయి. ఆకు అడుగున పసుపు గుడ్ల గుంపులు కనబడితే నలిపేయడమే తక్షణ మందు. వేరుబుడిపె నులిపురుగు ఉన్న నేలలో మొక్క గిడసబారుతుంది. పీకి చూస్తే వేళ్ళు ఉబ్బి ఉంటాయి. అవి నత్రజని బుడిపెలు కావు. మంచి బుడిపె గోటితో గీరితే రాలుతుంది, లోపల గులాబీ రంగు ఉంటుంది. నులిపురుగు ఉబ్బు వేరులో భాగమై, గీరినా ఊడదు.

చల్లటి రాత్రులు, దట్టమైన మంచు కలిసివస్తే కాయల మీద తెల్లటి దూదిలాంటి బూజు పడుతుంది. కారణం ఫైటాఫ్తొరా ఫేసియోలై. ఐర్లండ్ బంగాళాదుంప కరువు తెచ్చిన జీవికి ఇది సోదరజాతి. అమెరికా శాస్త్రవేత్త రోలండ్ థాక్స్‌టర్ 1889లో దీన్ని తొలిసారి వర్ణించాడు. నివారణ మందులకన్నా గాలాడే ఎడం, ఏటా చోటు మార్చడం ఇంటి తోటకు పనికొచ్చే మార్గాలు.

ఇక ఎర్రనల్లి. బెట్టకాలంలో ఆకుల రసం పీల్చి, పైన పసుపు చుక్కలు, అడుగున సన్నటి గూడు మిగిల్చే ఈ పురుగు వల్లనే లైమా జీవశాస్త్ర పాఠాల్లోకెక్కింది. 1980లలో నెదర్లాండ్స్‌కు చెందిన మార్సెల్ డికే, మౌరిస్ సాబెలిస్ ఒక సంగతి గమనించారు: నల్లి కొరికిన లైమా ఆకు గాలిలోకి ప్రత్యేకమైన వాసనలు వదులుతుంది, ఆ వాసన పట్టుకుని నల్లిని తినే మరో నల్లి, ఫైటోసీయులస్ పెర్సిమిలిస్, అక్కడికి చేరుతుంది. కత్తెరతో కోసిన ఆకు ఆ వాసన ఇవ్వదు. ఆ తర్వాత మార్టిన్ హైల్ బృందం మెక్సికోలో అడవి లైమా మీద పనిచేసి, పురుగు కొరికినప్పుడు ఆకుకాడల దగ్గర తేనె ఊరుతుందనీ, దానికోసం వచ్చే చీమలు మొక్కకు కాపలా కాస్తాయనీ చూపింది. ఒక కొమ్మకు దెబ్బ తగిలితే అదే తీగ పక్క కొమ్మలు ఆ వాసనను గాలి ద్వారానే అందుకుని సిద్ధపడతాయని 2007లో వెలువడిన వారి పరిశోధన తేల్చింది. చుట్టుకుంటూ పోయే తీగలో పక్కపక్కన ఉన్న ఆకులకు కాండం ద్వారా చుట్టరికం దూరం, గాలిలో మాత్రం దగ్గర.

పెరటి రైతుకు ఇందులో నేరుగా పనికొచ్చేది ఒకటుంది. చీమలు కనబడగానే మందు కొట్టకూడదు. పేనుబంక లేని తీగ మీద తిరిగే చీమ మొక్క పిలిస్తే వచ్చిందే. ఘాటైన పురుగుమందు ముందుగా చంపేది ఈ కాపలాదార్లనే. నల్లి మాత్రం వారంలో రెట్టింపై తిరిగొస్తుంది. నీటిని ఆకుల అడుగుకు గట్టిగా కొట్టడం, తప్పనిసరైతే వేపనూనె, ఇంతవరకే చాలు.

గింజలో విషం

పచ్చి లైమా గింజ తినకూడదు. ఇందులో లినమారిన్ అనే పదార్థం ఉంది. గింజ చెక్కుచెదరనంతసేపు అది నిరపాయం. నమిలినా, నలిగినా, పక్క అరల్లో ఉన్న ఎంజైము దానితో కలిసి హైడ్రోజన్ సయనైడ్ పుడుతుంది. తూర్పుగోదావరిలో సగ్గుబియ్యం కోసం పండించే కర్రపెండలంలో ఉన్నదీ ఇదే పదార్థం. 1903లో డన్‌స్టన్, హెన్రీ అనే బ్రిటిష్ రసాయనవేత్తలు మారిషస్ నుంచి వచ్చిన లైమా గింజల్లో దీన్ని గుర్తించి ఫేసియోలునాటిన్ అన్నారు. అవిసె గింజల్లోని లినమారిన్, ఇదీ ఒకటేనని తర్వాత తేలింది. బర్మా నుంచి యూరప్‌కు వెళ్ళిన రంగూన్ బీన్స్ మీద ఇరవయ్యో శతాబ్ది మొదట్లో అనుమానాలు చెలరేగింది ఇందుకే.

మోతాదు రకాన్నిబట్టి మారుతుంది. అమెరికాలో అమ్మే తెల్లగింజ రకాల్లో నూరు గ్రాములకు 20 మిల్లీగ్రాముల లోపే. కరీబియన్ దీవుల నల్లటి, రంగురంగుల చిన్న గింజల్లో 300 మిల్లీగ్రాముల దాకా ఉండొచ్చు. రంగున్న ప్రతి గింజా విషమయమేమీ కాదు. క్రిస్మస్ లైమా రంగు గింజే, భయం లేకుండా తింటున్నారు. పేరు తెలియని గింజ, అడవి తీగ నుంచి కోసిన గింజ విషయంలోనే జాగ్రత్త.

వండే పద్ధతిలో కిటుకు ఉంది. మరగబెడితే ఎంజైము చచ్చిపోతుంది, పుట్టిన సయనైడ్ ఆవిరితో పోతుంది. లినమారిన్ మాత్రం వేడికి అంతగా చెడదు, నీళ్ళలోకి దిగుతుంది. కడుపులోకి వెళితే పేగుల్లోని సూక్ష్మజీవులు దాన్ని విడగొట్టగలవు. అందుకని ఎండు గింజను రాత్రంతా నానబెట్టి ఆ నీరు పారబోయాలి, కొత్త నీటిలో మూత తీసి ఉడికించి, ఆ నీటినీ వంపేయాలి. విత్తనానికి నానబెట్టొద్దన్న గింజనే వంటకు తప్పక నానబెట్టమనడం వింతగా తోచినా, అక్కడ మొలక బతకాలి, ఇక్కడ విషం పోవాలి. మొలకెత్తించి పచ్చిగా తినడం, తక్కువ వేడిమీద గంటల తరబడి మగ్గబెట్టే కుక్కర్‌లో నేరుగా వేయడం పనికిరావు.

కోత, నిల్వ, విత్తనం

కాయ ఆకుపచ్చగానే ఉండి, గింజ ఉబ్బు పైకి తెలుస్తున్నప్పుడు కోయాలి. కాయ పసుపు తిరిగి తోలుబారిందంటే గింజ పిండిపిండిగా మారుతుంది. పొద రకాన్ని రెండు మూడు రోజులకోసారి కోస్తుంటే కొత్త పిందె వస్తుంది. ఒలవడం ఓపిక పని: తొక్క బఠాణీలా విడిపోదు, అంచు ఈనె పక్కన గోరుతో చీల్చి బొటనవేలితో నొక్కాలి. బుట్టెడు కాయలకు దోసెడు గింజలే వస్తాయి కాబట్టి నలుగురున్న ఇంటికి నాలుగు మొక్కలు ఏ మూలకూ చాలవు. గడ్డకట్టించి దాచేవారు చిన్న గింజను రెండు నిమిషాలు, పెద్దదాన్ని నాలుగు నిమిషాలు మరిగే నీటిలో ముంచి, చల్లటి నీటిలో వేసి ఆరబెడతారు.

ఎండు గింజకు కాయలను తీగ మీదే గలగలమనే దాకా వదలాలి. వాన ముసురు పట్టేలా ఉంటే తీగ మొత్తం కోసి వసారాలో తలకిందులుగా వేలాడదీయొచ్చు. పుచ్చుపురుగు పొలంలోనే గుడ్డు పెట్టి గింజతోబాటు ఇంట్లోకి వస్తుంది. గింజ బాగా ఎండాక గాలిచొరని సీసాలో పెట్టి, ఫ్రీజర్‌లో వారం ఉంచితే అది చస్తుంది, మొలక శక్తికి నష్టం లేదు. సరిగా ఎండకుండా ఫ్రీజర్‌లో పెడితే మాత్రం విత్తనం కూడా చస్తుంది.

లైమా ఎక్కువగా స్వపరాగ సంపర్కమే గానీ, తేనెటీగలు తిరిగే చోట రకాలు కలుస్తాయి; ఫ్రెంచి బీన్స్‌లో కన్నా ఇది ఎక్కువ. విత్తనం కట్టదలిస్తే పెరట్లో ఒక్క రకమే వేయడం, లేదా కొన్ని పూగుత్తులకు మొగ్గదశలోనే పలచటి గుడ్డ సంచి కట్టడం మేలు. మన చిక్కుడుతో దీనికి సంకరం జరగదు, పక్కనే పందిరి ఉన్నా బెంగలేదు.

తెలుగు నేలల్లో, తెలుగువారి పెరళ్ళలో

కోస్తా, తెలంగాణ మైదానాల్లో నేల చలి సమస్యే కాదు. ఇక్కడ చిక్కంతా రెండో గడువుది. మాఘం దాటాక విత్తితే పూత చైత్ర వైశాఖాల్లోకి వెళుతుంది, ఒక్క కాయ నిలవదు. జూన్‌లో తొలకరికి విత్తితే మొక్క ఏపుగా లేస్తుంది కానీ ముసురుకు వేరుకుళ్ళు తగులుతుంది. వానలు తెరిపిచ్చే ఆగస్టు చివర, సెప్టెంబరు రోజుల్లో విత్తితే పూత కార్తీక మార్గశిరాల్లో పడుతుంది. రాత్రులు చల్లబడి, పగలు 30 డిగ్రీలకు అటూఇటూ ఉండే ఆ రెండు నెలలే లైమాకు ఇక్కడ దొరికే మంచి కాలం. మదనపల్లె, అరకు లాంటి ఎత్తు ప్రాంతాల్లో ఈ గడువు ఇంకొంచెం సాగుతుంది. మేడ మీద కుండీల్లో పెంచేవారికి చిన్న గింజ పొద రకాలు నప్పుతాయి; కుండీ అడుగు పది అంగుళాలకు తగ్గకూడదు, మధ్యాహ్నపు గచ్చు వేడి తగలకుండా కింద ఇటుకలు పెట్టాలి.

న్యూజెర్సీ, పెన్సిల్వేనియా వంటి చోట్ల స్థిరపడ్డ తెలుగువారి చిక్కు వేరు. ఊరినుంచి తెచ్చుకున్న చిక్కుడు విత్తనం అక్కడ వేసవంతా ఆకులేస్తూ పోయి, పగలు కురచబడే సెప్టెంబరుకు గానీ పూయదు. కాయ ముదిరేలోపు మంచు పడుతుంది. పొద లైమాకు పగటి నిడివితో పట్టింపు లేదు. మే చివర విత్తితే ఆగస్టుకు గింజ చేతికొస్తుంది. చిక్కుడుకాయ కూరకు అది బదులు కాదు, తొక్క తినలేం కదా. పితికిన అనపగింజలతో చేసే పులుసుకూ, వంకాయ కలిపి వండే కూరకూ మాత్రం పచ్చి లైమా బాగానే ఒదుగుతుంది. ముందు విడిగా ఉడికించి, నీరు వంపి, ఆ తర్వాతే పులుసులో వేయాలి.